టన్ను మేతకు గుప్పెడు పొడి

‘‘కోళ్లకి మేతలో ఏవేవో కలుపుతున్నారటగా... ఈ గుడ్లు పిల్లలకి పెట్టొచ్చంటావా?’’

ఆదివారం పొద్దున్నే గుడ్ల కొట్టు దగ్గర తరచూ వినిపించే ప్రశ్నే. ‘‘అందరూ తింటున్నారు కదమ్మా’’ అనేసి డజను గుడ్లూ కవర్లో పెట్టి ఇస్తాడు కొట్టతను. అంతకన్నా అతనికీ తెలీదు మరి!

కలుపుతున్న మాట నిజం. వాటిలో ఎంజైములూ ఉన్నాయి. అవి హార్మోన్లు కావు, యాంటీబయాటిక్సూ కావు. కోడి కడుపు చేయలేని పనిని చేసిపెట్టే ప్రొటీన్లు.

ఆ పనేమిటి? మొక్కజొన్న, సోయా చెక్క, నూకలు, నూనె తీసిన తవుడు... మన గుడ్ల కోళ్ల దాణాలో ప్రధానంగా ఉండేవి ఇవే. వీటిలో భాస్వరానికి కొదవలేదు. కానీ అందులో దాదాపు మూడింట రెండొంతులు ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. మొలకెత్తే రోజుకోసం గింజ దాచిపెట్టుకున్న సొమ్మది. దాని తాళంచెవి పేరు ఫైటేజ్. గింజ నాని మొలకెత్తేటప్పుడు ఈ ఎంజైమే భాస్వరాన్ని విడిపిస్తుంది. రాగులు మొలకెత్తించి పిండి కొట్టించే అమ్మమ్మలకు ఆ పేరు తెలీకపోయినా పని మాత్రం తెలుసు. ఆవులూ గేదెలకూ చింతలేదు, వాటి పొట్టలోని సూక్ష్మజీవులే ఆ సంగతి చూసుకుంటాయి. కోడికి ఆ ఎంజైము చాలా తక్కువ. పైగా తిన్నది కొద్ది గంటల్లోనే రెట్టగా బయటపడుతుంది. నానే తీరికెక్కడిది!

అందుకే రైతు డైకాల్షియం ఫాస్ఫేట్ కొని మేతలో కలుపుతాడు. షెడ్ల దగ్గర దాన్ని డీసీపీ అంటారు. అది తయారయ్యేది రాక్ ఫాస్ఫేట్ నుంచి. ఆ రాయిలో ఎక్కువ భాగం మనకు ఓడల్లో రావాల్సిందే. అంటే, మేతలో ఉన్న భాస్వరం రెట్టలో పోతుంటే విదేశీ భాస్వరం కొనుక్కుంటున్నామన్నమాట.

ఈ తిక్క లెక్కతో ముందుగా తల పట్టుకున్న దేశాల్లో నెదర్లాండ్స్ ఒకటి. చిన్న దేశం, లెక్కకు మిక్కిలి పందులూ కోళ్లూ. పెంటలోని భాస్వరం పొలాల్లో పేరుకుని నీళ్లలోకి చేరింది. ప్రభుత్వం దానికి పరిమితులు పెట్టింది. 1991లో, ఒక రకం బూజు సాయంతో తయారుచేసిన ఫైటేజ్ అక్కడ మార్కెట్లోకి వచ్చింది. గోధుమ, బార్లీ మేపే యూరప్ దేశాల్లో అంతకుముందే వేరే ఎంజైములు వాడుకలో ఉన్నాయి. ఆ ధాన్యాల్లోని జిగురు కోడిపేగుల్లో బంకలా మారకుండా అవి విరగ్గొడతాయి.

ఇక మన గోదావరి జిల్లాల లెక్క. తణుకు, అనపర్తి వైపు పదివేల కోళ్లంటే పెద్ద ఫారమేం కాదు. ఒక్కో కోడి రోజుకు 110 గ్రాములు తిన్నా 1100 కిలోల మేత. గ్రాముకు 5000 యూనిట్ల బలమున్న ఫైటేజ్ టన్నుకు 100 గ్రాములు వేస్తే, అంటే గుప్పెడు, అయిదు కిలోల దాకా డీసీపీ తగ్గించుకోవచ్చు. గుడ్డు ఖర్చులో 65 నుంచి 70 శాతం మేతదే. 2021లో సోయా చెక్క ధర ఆకాశానికెక్కి, కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. అలాంటప్పుడు చవగ్గా దొరికే తవుడును కాస్త ఎక్కువ వాడుకునే వెసులుబాటు రైతుకు ప్రాణం పోసినట్టే. తవుడులో ఫైటేట్ మరీ ఎక్కువ మరి!

అయితే డబ్బా కొనగానే లాభం రాదు. డీసీపీ తగ్గించకుండా పైనుంచి ఎంజైము చల్లితే ఖర్చు పెరగడమే మిగులుతుంది. ఉత్సాహం ఎక్కువై డీసీపీని ఇష్టమొచ్చినట్టు కోసేసినా ముప్పే. ఎముకలు గుల్లబారి కోడి కేజ్‌లోనే కూలబడుతుంది. వంద గ్రాముల పొడిని నేరుగా మిక్సర్లో పోసినా అంతే సంగతులు. ముందు కొన్ని కిలోల తవుడులో బాగా కలిపి, తర్వాత టన్నులో కలపాలి. పెల్లెట్ మేత చేసేవారికి ఇంకో చిక్కు. ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటితే మామూలు ఎంజైము బలం చాలావరకు పోతుంది. వేడిని తట్టుకునే రకమైనా వాడాలి, పెల్లెట్ చల్లారాక పైన పిచికారీ అయినా చేయాలి. మండుటెండల్లో రేకుల షెడ్డు కింద నెలల తరబడి నిల్వ ఉంచిన డబ్బామీద నమ్మకం పెట్టుకోకపోవడమే మంచిది.

మేత కలిపే కూలీ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఎంజైము దుమ్ము పీలిస్తే కొందరికి ఆయాసం, ఎలర్జీ వస్తాయి. డబ్బాతోపాటు ఓ మాస్కు కూడా కొనిపెట్టడం యజమానికి పెద్ద ఖర్చేం కాదు.

ఇంతకీ గుడ్డులోకి వస్తుందా? ఫైటేజ్ చేసే పని చాలావరకు కోడి గొంతు కింది తిత్తిలోనూ, మనం ఇష్టంగా వేయించుకునే కందనకాయ దగ్గరా అయిపోతుంది. ఆ తర్వాత మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతుంది. ఆమ్లెట్ రుచిలో తేడా వెతికితే దొరకదు.

తేడా షెడ్డు కింద ఉంటుంది. డీసీపీ తగ్గించి ఎంజైము సరిగ్గా వాడిన చోట రెట్టలో భాస్వరం గణనీయంగా తగ్గుతుంది. ఆ పెంట పొలాలకూ చేపల చెరువులకూ లారీల్లో వెళ్తుంటుంది కాబట్టి, నీటికది మేలే. భాస్వరం కోసమే పెంట కొనే రైతు మాత్రం, బేరమాడే ముందు ఆ షెడ్డులో ఏ మేత వేశారో ఓమాటు అడగాలేమో!