బల్లకు అడ్డంగా పెట్టిన సంతకం: మా ప్రణాళిక

ఈ ఏడాది సభ్యత్వం ఫారంలో ఒక వాక్యం కొత్తగా చేరింది. యేసును అంగీకరించకుండా చనిపోయిన ప్రతి మనిషీ స్పృహ ఉండగానే, ఆరని అగ్నిలో, అంతమన్నది లేకుండా బాధపడతాడని నేను నమ్ముతున్నాను అనేది దాని సారం. కింద సంతకానికి గీత. ఆ గీత మీద సంతకం పెట్టనివాళ్లకు ప్రభు బల్ల ఆపేశారు. సండే స్కూలు టీచర్ల చేతుల్లోంచి పాఠాల పుస్తకాలు తీసేసుకున్నారు. క్వయర్‌లో ముందు వరసలో పాడేవాళ్లను వెనక బెంచీల్లో కూర్చోమన్నారు. స్త్రీల సమాజంలో ప్రార్థన వంతుల పట్టీలోంచి కొందరి పేర్లు మాయమయ్యాయి. ఇదంతా జనరల్ బాడీ ముందు పెట్టకుండా ఒక్క కమిటీ మీటింగులో తేల్చేశారు. ఎందుకని అడిగితే, వాక్యాన్ని కాదన్నవాళ్లకు బల్ల ఏమిటని ఎదురడిగారు. వాక్యాన్ని మేము కాదనలేదు, ఫారాన్ని కాదన్నాం. ఈ రెంటికీ తేడా తెలియనట్టు పెద్దలు నటిస్తున్నారు కాబట్టే ఈ ప్రణాళిక రాయాల్సి వచ్చింది. సంఘం పేరు, అయ్యగారి పేరు ఇందులో ఎత్తడం లేదు. చదవాల్సినవాళ్లకు ఎవరి గురించో తెలుసు.

ముందుగా ఒక పుకారు సంగతి చెప్పాలి. మేము నరకమే లేదన్నామనీ, దేవుడు అందరినీ ఊరికే వదిలేస్తాడన్నామనీ ప్రచారం చేస్తున్నారు. కింద సంతకాలు చేసినవాళ్లలో కొందరు అచ్చం మీలాగే నిత్యబాధను నమ్ముతారు. కొందరు దుష్టులు తీర్పు తరవాత నశించి లేకుండా పోతారని నమ్ముతారు. మరికొందరు దేవుని అగ్ని శుద్ధి చేసే అగ్ని అనీ, అది చివరికి ప్రతివాణ్ణీ తండ్రి ఇంటికి చేరుస్తుందనీ ఆశపడతారు. అందరం ఒప్పుకునేది ఇంతే: తీర్పు ఉంది, తీర్చేవాడు క్రీస్తు. కూలివాడి కూలి ఎగ్గొట్టినవాడూ, కట్నం కోసం కోడల్ని కాల్చినవాడూ, దేవుని పేరు చెప్పి విధవరాలి పొలం రాయించుకున్నవాడూ ఆయన ఎదుట నిలబడక తప్పదు. ఆ తరవాత ఏం చేయాలో ఆయనకు తెలుసు, కమిటీ ఆయనకు సలహా ఇవ్వక్కర్లేదు. నిత్యబాధను నమ్మేవాళ్లు మాతో ఎందుకు చేరారంటే, తమ నమ్మకాన్ని పక్కవాడి చేతిలోని రొట్టె లాక్కోవడానికి వాడుకోవడం వాళ్లకు సిగ్గనిపించింది.

మా కోరిక ఒక్కటే. ఆ వాక్యాన్ని ఫారంలోంచి తీసేయాలి. సభ్యత్వానికి గానీ, ప్రభు బల్లకు గానీ, సంఘంలో ఏ సేవకు గానీ దాన్ని షరతుగా పెట్టకూడదు. ఈ కోరిక వింటే మేమేదో కొత్త దారి తొక్కుతున్నట్టు మాట్లాడతారు గానీ, పాత గట్టు దాటింది మీరు. ప్రతి ఆదివారం లేచి నిలబడి మనం ఒప్పుకునే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో తీర్పు ఉంది, పాపక్షమాపణ ఉంది, పునరుత్థానం ఉంది, నిత్యజీవం ఉంది. నిత్యబాధ ప్రస్తావన లేదు. 325లో నికయలో మొదలై 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభ పేరుతో మనకు చేరిన ప్రమాణంలోనూ లేదు. కుమారుడు తండ్రితో ఏ విధంగా ఏకమైయున్నాడో చెప్పడానికి ఒక్కొక్క మాట దగ్గర కొట్లాడుకున్న బిషప్పులు ఇంత పెద్ద సంగతిని మరచిపోయి వదిలేశారనుకోవాలా? 381 సభలో కూర్చున్నవాళ్లలో నిస్సా గ్రెగొరీ ఒకరు. చివరికి చెడుకు ఎక్కడా చోటు మిగలదనీ, శిక్ష పని శుద్ధి చేయడమేననీ ఆయన రాశాడు. ఆయన్ను బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేపలేదు. 787లో రెండో నికయ సభ ఆయన్ను తండ్రులకు తండ్రి అన్నంత గౌరవంతో తలచుకుంది. మన కమిటీ ముందుకు వచ్చుంటే ఆయనకు సభ్యత్వం కార్డు దొరికేది కాదు. ఇదే ఆశను బోధించిన ఓరిగెను మాటేమిటని అడుగుతారు, తెలుసు. 553లో ఆయన పేరును శపించిన మాట నిజమే. అప్పటి గొడవలో ఆత్మలు పుట్టుకకు ముందే ఉన్నాయనే బోధా, ఇంకా చాలా సంగతులూ కలగలిసి ఉన్నాయి. అదే ఆశను పట్టుకున్న గ్రెగొరీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆశ మాత్రమే నేరమైతే ఆయన్నెందుకు వదిలేశారో మీరే చెప్పాలి.

సంతకాలతో మనుషుల్ని వడగట్టే పని కూడా మీతో మొదలవలేదు. ఇంగ్లండు సంఘం 1553లో రాసుకున్న నలభై రెండు విశ్వాస సూత్రాల్లో చివరిది, మనుషులందరూ చివరికి రక్షింపబడతారనేవాళ్లను ఖండించేది. పదేళ్ల తరవాత, 1563లో, సూత్రాలను సవరించినప్పుడు దాన్ని తీసేశారు. తీసేసినవాళ్లు సర్వరక్షణవాదులేమీ కారు. ఒకటి నమ్మడం వేరు, దాన్ని అందరి మెడకూ కట్టడం వేరు అన్న ఇంగితం ఉన్నవాళ్లు. 1853లో లండన్ కింగ్స్ కాలేజీ ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్‌ను ఉద్యోగం నుంచి తొలగించింది. నిత్యశిక్ష గురించి కాలేజీవాళ్లకు నచ్చని రీతిలో రాయడమే ఆయన చేసిన తప్పు. తరవాత అదే కాలేజీలో ఆయన పేరుతో ఆచార్య పీఠం వెలిసింది. వెలివేసినవాళ్ల పేర్లు ఇప్పుడు ఎంతమందికి గుర్తున్నాయి? 1864లో ప్రివీ కౌన్సిల్ ముందుకు హెన్రీ బ్రిస్టో విల్సన్ అనే పాదిరీ కేసు వచ్చింది. శిక్ష పొందినవాళ్లకు కూడా చివరికి క్షమాపణ దొరకవచ్చునని ఆశపడటం ఇంగ్లండు సంఘపు ప్రమాణాలకు విరుద్ధం కాదని అక్కడ తేలింది. ఒళ్లు మండి దాదాపు 11,000 మంది పాదిరీలు శిక్ష నిత్యమేనని ప్రకటిస్తూ సంతకాలు చేశారు. అన్ని సంతకాలు పడినా తీర్పు మారలేదు.

ఇంగ్లండు సంగతి మనకెందుకు అంటారేమో. మన నేల మీదికే రండి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ సంఘాలు ఆ గొడుగు కిందివే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు దశాబ్దాల పాటు కూర్చుని మాట్లాడుకుని ఐక్యతకు ఒక పునాది పత్రం రాసుకున్నారు. అందులో అపొస్తలుల ప్రమాణాన్నీ నికయ ప్రమాణాన్నీ చేర్చారు. నిత్యాగ్నిని సూటిగా చెప్పే అతనాసియస్ ప్రమాణాన్ని అందులో చేర్చలేదు. ఒప్పుకున్న రెండు ప్రమాణాల విషయంలో కూడా, ప్రతి మాటకూ ప్రతి సభ్యుడి నుంచీ ఒప్పుదల గుంజబోమనీ, సహేతుకమైన వ్యాఖ్యాన స్వేచ్ఛకు అడ్డు రాబోమనీ రాసుకున్నారు. అంత పెద్ద సంఘం కట్టుకోవడానికి సరిపోయిన పునాది మన వీధి మందిరానికి సరిపోలేదట! లూథరన్ సంఘంవాళ్లు ఈ మాట అని ఉంటే వాళ్ల దగ్గర కాస్తంత ఆధారం ఉండేది. శిక్షకు అంతముందనేవాళ్లను 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు పదిహేడో అధికరణంలో ఖండించింది. అది ఉన్నదని మేము దాచడం లేదు. మన సంఘ నియమావళిలో ఆగ్స్‌బర్గ్ ఊసే లేదు. ఆ ఫారం అచ్చు వేయించేదాకా నిత్యబాధ ఊసూ లేదు.

ఇక మత్తయి ఇరవై అయిదో అధ్యాయం. నీతిమంతుల జీవం నిత్యమైనప్పుడు రెండోవాళ్ల శిక్ష నిత్యం కాకుండా ఎలా పోతుందని మీ ప్రశ్న. అగస్టీన్ ఆనాడే వేసిన ప్రశ్న ఇది, బలమైనదే. మాలో నిత్యబాధను నమ్మేవాళ్లు నమ్మేది దీన్ని బట్టే. అయితే నాశనాన్ని నమ్మేవాళ్లకూ ఇక్కడ జవాబుంది: మళ్లీ తిరగరాయలేని శిక్ష కూడా నిత్యశిక్షే. సొదొమ నిత్యాగ్ని దండన అనుభవించిందని యూదా పత్రిక చెబుతుంది, సొదొమ ఈ రోజుకీ మండుతూ లేదు. ఆత్మనూ దేహాన్నీ నశింపజేయగలవాడికి భయపడమని ప్రభువే అన్నాడు. పునరుద్ధరణను ఆశించేవాళ్లు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం తెరుస్తారు, చివరికి దేవుడు సర్వంలో సర్వమయ్యే చోటు. గ్రీకు మాటల గొడవలోకి మేము దిగం, ఇరుపక్షాలకూ నిఘంటువులున్నాయి. మేము అడిగేది వేరే. మమ్మల్ని గెంటడానికి మీరు తెరిచిన అధ్యాయాన్నే మొత్తం చదవండి. అక్కడ రాజు ఏం విచారిస్తున్నాడు? అన్నం పెట్టావా, నీళ్లిచ్చావా, బట్ట కప్పావా, జైల్లో ఉన్నవాణ్ణి చూసి వచ్చావా అని. అగ్ని గురించి నీ సిద్ధాంతం ఏమిటని కుడివైపువాళ్లను అడగలేదు, ఎడమవైపువాళ్లనూ అడగలేదు. ఆ సింహాసనం ముందు లేని ప్రశ్నను బల్ల ముందు పెట్టే అధికారం మీకెవరిచ్చారు?

ఇదంతా తెల్లవాళ్ల ఉదారవాదం, ఇంటర్నెట్ విషం అని ప్రసంగాల్లో అంటున్నారు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీన్, తన కాలంలో నిత్యబాధను ఒప్పుకోలేక జాలిపడేవాళ్లు చాలామంది ఉన్నారని స్వయంగా ఒప్పుకున్నాడు. వాళ్లకు జవాబు చెప్పాడే గానీ వాళ్లను క్రైస్తవులే కారనలేదు. ఏడో శతాబ్దంలో నీనెవె బిషప్పు ఇసాకు సిరియాక్ భాషలో రాశాడు. నరకంలో ఉన్నవాళ్లను కొట్టేది కూడా దేవుని ప్రేమేనన్నాడు, ఆ ప్రేమ ఓడిపోతుందని నమ్మలేకపోయాడు. మలబారు క్రైస్తవులు శతాబ్దాలుగా ఆరాధనలో వాడిన భాష అదే. ఇక జాన్ స్టాట్‌ను ఉదారవాది అనగలరా? మన బైబిలు కాలేజీల్లో ఆయన పుస్తకాలు చదవని విద్యార్థి అరుదు. 1988లో ఆయన, దుష్టులు చివరికి నశించిపోతారన్న అభిప్రాయానికి లేఖనాధారం ఉందనీ, సువార్తికుల మధ్య దాన్ని చర్చించాలనీ రాశాడు. ఆయన పుస్తకం మందిరం బీరువాలో ఉండవచ్చు, ఆయన అభిప్రాయం ఉన్న టీచరు మాత్రం తరగతిలో ఉండకూడదు!

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కోసేది మరొకటి ఉంది. 1552 జనవరిలో కొచ్చి నుంచి ఫ్రాన్సిస్ జేవియర్ యూరపుకు ఒక ఉత్తరం రాశాడు. జపానులో కొత్తగా క్రైస్తవులైనవాళ్లు తమ చనిపోయిన తల్లిదండ్రుల కోసం ఏడుస్తున్నారనీ, ప్రార్థనతోనో దానధర్మంతోనో వాళ్లను నరకంలోంచి బయటికి తేలేమా అని అడుగుతున్నారనీ, దారి లేదని తాను చెప్పాననీ, వాళ్ల ఏడుపు చూసి తనకూ దుఃఖం ఆగలేదనీ అందులో ఉంది. ఆ ప్రశ్న మన ప్రశ్న కూడా. మన తెలుగు నేల మీద ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఒంగోలు మిషనరీ దొర క్లౌ, బకింగ్‌హాం కాలవ పని ఇప్పించి మాల మాదిగ కుటుంబాలకు గంజి అందేలా చేశాడు, కరువు సాయం కోసం వచ్చారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరవాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ గుండ్లకమ్మ దాకా రాలేక, ఏడాది ముందే కాలవ గట్టు మీద ఆకలితో పడిపోయిన తల్లి ఎక్కడుంది? బతికినన్నాళ్లూ ఊరికి దూరంగా, బావికి దూరంగా, గుడికి దూరంగా ఉండి, ఆకలితో చచ్చి, ఇప్పుడు అంతం లేని మంటలో ఉందని సంతకం పెట్టమంటున్నారు. మేము పెట్టం. ఆమె దేవుని చేతుల్లో ఉంది అని మాత్రం రాయమనండి, రాస్తాం. ఏ పుస్తకంలో ఎవరి పేరుందో చూసే పని ఆయనది. గుమ్మాలు పగలెన్నడూ మూయని పట్టణం గురించి ప్రకటన గ్రంథం చెప్పింది, ఆ పట్టణానికి రాత్రే లేదనీ చెప్పింది. తెలుగు నేల మీద మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో, సువార్త చేరని కాలంలో పుట్టి పోయిన లక్షలాది మంది కోసం ఆ గుమ్మాల దగ్గర నిలబడి కనిపెట్టే సంఘం కావాలి మాకు. తలుపు దగ్గర కాపలా కాసే సంఘం మనకు ముందునుంచీ ఉన్నదే.

భయం లేకపోతే ఎవరు మారుమనస్సు పొందుతారు, ఎవరు కానుకలు వేస్తారు అంటారు. రెండో సగం మీరు పైకి అనరు, మేము అంటున్నాం. భయంతో వచ్చినవాడు భయం పోగానే వెళ్లిపోతాడు, ఉజ్జీవ కూడికల్లో ఏటా చేతులెత్తే లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. పిల్లల సంగతి మరీ ఘోరం. సండే స్కూలు గదిలో వేలాడే రెండు దారుల పటం 1860ల్లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో షార్లెట్ రైలెన్ అనే భక్తురాలు ఊహించింది. వెడల్పు దారిలో నాటకశాల ఉంటుంది, జూదశాల ఉంటుంది, పైన మంటల వైపు పొగ వదులుతూ ఒక రైలు పోతుంటుంది. ఆదివారం ప్రయాణం చేయడం పాపమని ఆ రైలు. కన్వెన్షన్ కోసం ఆదివారం పొద్దున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగే పెద్దలు ఆ పటం కిందే కూర్చుని, నీ హిందూ స్నేహితుడు ఎక్కడికి పోతాడో చెప్పు అని ఏడేళ్ల పిల్లవాణ్ణి అడుగుతున్నారు. పటం ఉండనివ్వండి. ఆ ప్రశ్న మాత్రం ఆపండి.

భూస్థాపన ప్రసంగాల గురించి రెండు మాటలు చాలు. సమాధి తోటలో పెట్టె ముందు నిలబడి, బాప్తిస్మం తీసుకోని తండ్రి ఇప్పుడు ఎక్కడున్నాడో కూతురు వినేలా చెప్పే హక్కు ఏ పాస్టరుకూ లేదు. బంధువుల్లో సగంమంది హిందువులుండే మన కుటుంబాల్లో అది సువార్తా కాదు, మర్యాదా కాదు.

వచ్చే జనరల్ బాడీలో అసలు నియమావళిని మొదటి పేజీ నుంచి పైకి చదివించి, ఆ తరవాత కొత్త వాక్యం మీద చీటీలతో ఓటు పెట్టాలి. చేతులెత్తే ఓటుకు మేము ఒప్పుకోం, ఎవరు ఎటు ఎత్తారో రాసుకునేవాళ్లు ఉన్నారు. అప్పటిదాకా వేరే మందిరానికి పోం, వేరు కుంపటి పెట్టం, చందా ఆపం. బల్ల ఆదివారం నాడు మా బెంచీల్లోనే ఉంటాం. రొట్టె పళ్లెం మమ్మల్ని దాటించి పట్టుకుపోయేవాళ్లు, దాటించేటప్పుడు మా ముఖం చూసి దాటించాలి.