మీ ఫాం మీరే నింపండి

సుబేదారిలో యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లు నోటిఫికేషన్ చివరి రోజున ఎలా ఉంటాయో హన్మకొండలో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. "అన్నా, జర నా ఫాం నింపవా" అంటూ సర్టిఫికెట్ల కవర్ కౌంటర్ మీద పెట్టి నిలబడతాం. రెజ్యూమెలో మాత్రం 'కంప్యూటర్ నాలెడ్జ్: ఎంఎస్ ఆఫీస్' అని రాసుకుంటాం.

సెంటర్ అన్నను తప్పుపట్టలేం. ఒక్కడే అంతమందికి నింపాలి. తొందరలో మీ మెయిల్‌కు బదులు తన మెయిల్ ఐడీ ఇచ్చేస్తే హాల్‌టికెట్ సమాచారం అటే పోతుంది. పుట్టిన తేదీలో ఒక్క అంకె మారినా సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది పడేది మీరే. ఆయన సిస్టం, ప్రింటర్ వాడుకోండి, ఫాం మాత్రం మీరే నింపండి. అందుకు యాభై షార్ట్‌కట్లు బట్టీ పట్టాల్సిన పనిలేదు. ఓ అరడజను చాలు.

కూర్చోగానే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి. ఇన్‌కాగ్నిటో విండో వస్తుంది. మామూలు విండోలో జీమెయిల్ తెరిచి, లాగౌట్ చేయకుండా ట్యాబ్ మూసేసి వెళ్లారనుకోండి. మీ తర్వాత కూర్చున్నవాళ్లు కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కితే ఆ ట్యాబ్ మళ్లీ తెరుచుకుంటుంది, మీ ఇన్‌బాక్స్‌తో సహా! పొరపాటున మూసిన పేజీని వెనక్కి తెచ్చుకోవడానికి మనం సంబరంగా వాడే షార్ట్‌కటే ఇది. ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేసి లేస్తే ఆ భయం ఉండదు.

ఎక్కువమంది ఆగిపోయేది ఫొటో దగ్గర. ఐబీపీఎస్ ఫాంలో ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ ఉండాలి. ఫోన్‌లో తీసింది రెండు మూడు ఎంబీలు ఉంటుంది. ఇంతోటి దానికి మీ ఫొటో, సంతకం తీసుకెళ్లి ఎవరిదో తెలియని వెబ్‌సైట్‌లో పెట్టడం నాకైతే నచ్చదు. పెయింట్‌లో ఫొటో తెరిచి, ముఖం వరకు క్రాప్ చేసి, కంట్రోల్, డబ్ల్యూ నొక్కితే రీసైజ్ బాక్స్ వస్తుంది. పిక్సెల్స్ ఎంచుకుని వెడల్పు 200 దగ్గర మొదలుపెట్టండి. ఎఫ్12 నొక్కి వేరే పేరుతో జేపెగ్‌గా సేవ్ చేయండి. సైజు తక్కువొస్తే అసలు ఫొటో నుంచి మళ్లీ మొదలుపెట్టి పిక్సెల్స్ కాస్త పెంచండి. రెండుసార్లు చేస్తే చేయి తిరుగుతుంది.

సబ్మిట్ అయ్యాక కంట్రోల్, పి నొక్కి 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకోండి. ఆ ఫైల్‌ను మీ మెయిల్‌కే పంపుకోండి. కాగితం ప్రింటు ఎక్కడో పోతుంది, మెయిల్‌లో ఉన్నది పోదు.

ఇక లేచేముందు. ఇన్‌కాగ్నిటో వాడినా సరే, డౌన్‌లోడ్ చేసిన ఆధార్, మెమోలు ఆ సిస్టంలోనే ఉండిపోతాయి. విండోస్, ఇ నొక్కి డౌన్‌లోడ్స్ తెరవండి. మీ ఫైళ్లను సెలెక్ట్ చేసి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. పాస్‌వర్డ్ కూడా టైప్ చేయండి, కాపీ పేస్ట్ వద్దు. ఆ సిస్టంలో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసి ఉంటే విండోస్, వి నొక్కినవాళ్లకు అది కనిపిస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇది భలే పనికొచ్చే సదుపాయం, ఆన్ చేసుకోండి.

కాజీపేట బస్సెక్కాక 'లాగౌట్ చేశానా, లేదా' అని అనుమానమొస్తే వెనక్కి పరుగెత్తొద్దు. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో మీ డివైసుల జాబితా చూడండి. ఆ కంప్యూటర్ కనబడితే అక్కడి నుంచే సైన్ అవుట్ చేసేయొచ్చు.