రాత్రి వెల్డింగు, పొద్దున గప్‌చుప్

ఏడాదికోసారి ఎథిక్స్ ట్రైనింగ్ అని కూర్చోబెడతారు కదా. మొన్న మా ఆఫీసులో అలాంటి క్లాసులోనే న్యూయార్క్ సిటీకార్ప్ సెంటర్ కథ చెప్పారు. "ఇంజనీరంటే ఇలా ఉండాలి" అని ముగించారు, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను.

కథ తెలియనివాళ్ళకి క్లుప్తంగా. సిటీకార్ప్ బ్యాంకు మన్‌హాటన్‌లో 59 అంతస్తుల టవర్ కట్టించింది, 1977లో పూర్తయింది. ఎత్తు 915 అడుగులు. ఆ స్థలంలో ఒక మూల చర్చి ఉంది. అందుకని పెద్ద స్తంభాలు మూలల్లో కాకుండా నాలుగు ముఖాల మధ్యలో పెట్టి, బిల్డింగుని తొమ్మిది అంతస్తుల ఎత్తున నిలబెట్టారు. స్ట్రక్చరల్ ఇంజనీరు విలియం లెమెజర్. ఒక స్టూడెంటు అడిగిన ప్రశ్న వల్ల 1978లో ఆయన మళ్ళీ లెక్కలు వేసుకున్నాడు. గాలి ముఖానికి సూటిగా కాకుండా మూలగా కొడితే కొన్ని బ్రేసుల మీద ఒత్తిడి 40 శాతం పెరుగుతోంది. అది చాలదన్నట్టు, డిజైన్లో వెల్డింగు అనుకున్న జాయింట్లకి కట్టేటప్పుడు బోల్టులు వేశారు. అక్కడ భారం 160 శాతం పెరుగుతుందని తేలింది. ఊగకుండా ఆపడానికి పైన 400 టన్నుల కాంక్రీటు దిమ్మ ఉంది కానీ అది పనిచెయ్యాలంటే కరెంటు కావాలి. కరెంటు పోతే? బిల్డింగుని పడగొట్టగల గాలివాన సగటున 16 ఏళ్ళకోసారి రావచ్చని లెక్క తేలింది.

లెమెజర్ దాచుకోలేదు. బ్యాంకు దగ్గరికి వెళ్ళి నా తప్పే అని చెప్పాడు. అందుకు నేనూ దండం పెడతాను. మన ఫీల్డులో ఎంతమంది ఆ పని చేస్తారు? ట్రైనింగుల్లో కథ ఇక్కడ ఆపేస్తారు.

తర్వాత జరిగింది చూడండి. ఆఫీసు వేళలు అయ్యాక వెల్డర్లు వచ్చి, రాత్రంతా 200కి పైగా జాయింట్ల మీద రెండంగుళాల మందం స్టీలు ప్లేట్లు అతికించి, పొద్దున ఉద్యోగులు వచ్చేలోపు ఊడ్చేసి వెళ్ళేవాళ్ళు. బయటికి మాత్రం కొన్ని జాయింట్లు బలపరుస్తున్నాం, ప్రమాదమేమీ లేదు అన్నారు. అదృష్టం చూడండి, సరిగ్గా అప్పుడే న్యూయార్క్ పేపర్లు సమ్మెలో ఉన్నాయి. సెప్టెంబరులో ఎల్లా అనే హరికేన్ అటు వస్తుంటే, చుట్టుపక్కల వీధులు ఖాళీ చేయించడానికి ప్లాన్ వేసుకుని కూర్చున్నారు. ఖాళీ చెయ్యాల్సినవాళ్ళకి తప్ప అందరికీ ఆ ప్లాన్ తెలుసు! హరికేన్ సముద్రంలోకి తిరిగిపోయింది కాబట్టి సరిపోయింది. 1995లో న్యూయార్కర్ పత్రికలో వచ్చేదాకా, అంటే 17 ఏళ్ళు, మామూలు జనానికి సంగతే తెలీదు.

"చెప్తే జనం కంగారు పడతారు" అంటారు. పడనివ్వండి సార్! ఆ కంగారు వాళ్ళ హక్కు. ఆ టవర్ నీడలో కాపురం ఉన్న మనిషి ఆ వారం పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి వెళ్ళాలా వద్దా అన్నది అతను తేల్చుకోవాలి, బ్యాంకు కాదు.

ఇంకోటి. దాచిన తప్పు నుంచి ఎవరూ నేర్చుకోలేరు. 17 ఏళ్ళ పాటు మిగతా స్ట్రక్చరల్ ఇంజనీర్లకి ఈ పాఠం అందలేదు. బయటపడ్డాక పరిశోధకులు మళ్ళీ లెక్కలు వేసి, ఆ మూల గాలి అనుకున్నంత ప్రమాదకరం కాదేమో అని కూడా అన్నారు. అది నిజమైనా కాకపోయినా, నలుగురు చూస్తేనే కదా లెక్క సరిచూడటం కుదిరేది. మనం కోడ్ రివ్యూ అని పెట్టుకున్నది ఎందుకు మరి?

ఇంత ఆవేశం ఎందుకంటారా? నేనూ ఆ బాపతే కాబట్టి. మూడేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో నెలాఖరు తారీఖుల లెక్కలో తప్పు చేశాను. టైముకి డబ్బు కట్టినవాళ్ళలో కొంతమందికి లేటు ఫీజు పడింది. కనిపెట్టింది నేనే, మేనేజరు గారికి చెప్పిందీ నేనే. ఆయన క్లయింటుకి చెప్పారు. ఒక శనివారం రాత్రి ప్యాచ్ వేశాం. రిలీజ్ నోట్స్‌లో "మైనర్ ఫిక్సెస్" అని నా చేత్తోనే రాశాను. అప్పటిదాకా ఫీజు పడ్డవాళ్ళ సంగతేంటి అనడిగితే "నీకెందుకు బాబూ, ఫిక్స్ అయిపోయిందిగా" అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆ క్వార్టర్‌లో నాకు అవార్డు కూడా ఇచ్చారు :)

అంటే లెక్క ప్రకారం నేను కూడా లెమెజర్ అంత మంచివాణ్ణే. తప్పు ఒప్పుకున్నాను, పై వాళ్ళకి చెప్పాను, రాత్రికి రాత్రి సరిచేశాను. నష్టపోయినవాడికి తప్ప అందరికీ చెప్పాను.

అందుకే ఆ చప్పట్లలో నా చెయ్యి కలవలేదు. క్లయింటుకి చెప్పడం ఉద్యోగం. ఆ బిల్డింగు కింద నడిచేవాడికి చెప్పడం ఇంజనీరింగు. మొదటిది చేసి రెండోదానికి అవార్డు పుచ్చుకోకండి. ఈసారి "మైనర్ ఫిక్సెస్" అని టైపు చేసే ముందు ఒక్క నిమిషం ఆగి, ఎవరికి మైనరో ఆలోచించండి.