పొడి వాళ్ళది, తూకం మనది (5వ భాగం)

మెఫెడ్రోన్ అంటే తెలియకపోయినా "ఎండీ" అంటే హాస్టల్ పిల్లలకి తెలుసు. యెమెన్, ఇథియోపియాల్లో నమిలే ఖాత్ ఆకులో కాథినోన్ అనే ఉత్తేజక పదార్థం ఉంటుంది. దాన్ని పోలిన అణువుని ల్యాబులో తయారుచేస్తే ఈ పొడి. ఇలాంటి సరుకుల కిటుకేంటంటే, చట్టంలో పాత పేర్లే ఉంటాయి, కొత్తదానికి పేరుండదు. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ దాకా దర్జాగా అమ్మారు. మన ఎన్‌డీపీఎస్ చట్టంలోకి 2015 ఫిబ్రవరిలో గానీ ఎక్కలేదు.

"పరీక్షలకి నిద్ర రాదురా" అని ఇస్తారు. నిజమే, రాదు. ఆకలీ ఉండదు. గుండె దడ, దవడలు బిగుసుకోవడం, దిగాక దిగులు, అందరి మీదా అనుమానం. గంట తిరక్కుండానే ఇంకోసారి కావాలనిపిస్తుంది.

అయితే కర్లపాలెం నుంచి చదువుకో పనికో హైదరాబాద్ పోయే మన పల్లెల పిల్లలకి నేను ముఖ్యంగా చెప్పేది తూకం సంగతి. 2 గ్రాముల దాకా చిన్న మోతాదు. 50 దాటితే వాణిజ్య మోతాదు: పదేళ్ళకి తగ్గని జైలు, లక్షకి తగ్గని జరిమానా. సెక్షన్ 37 అడ్డంపడి బెయిల్ దొరకడమే గగనం. హీరా సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు కల్తీతో సహా మొత్తం బరువూ లెక్కేనంది. అంటే 60 గ్రాముల పొట్లంలో ముప్పాతిక గ్లూకోజే అయినా గ్లూకోజుకీ కలిపి శిక్ష. "ఇది ఫలానా చోట ఇచ్చిరా, రెండు వేలు తీసుకో" అన్నవాడు ఈ ముక్క చెప్పడు.

2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్ చర్లపల్లిలో ఒక రసాయన ఫ్యాక్టరీ మీద దాడి చేసి, మెఫెడ్రోన్ తయారీ పట్టుకున్నామన్నారు. రియాక్టర్లూ పెట్టుబడీ ఎవరి చేతుల్లో ఉంటాయి? మన పిల్లాడి దగ్గరుండేది బ్యాగు. సాక్ష్యం చాల్లేదనే మాట ఎవరికి అక్కరకొస్తుందో చుండూరు చూసినవాళ్ళకి వేరే చెప్పాలా? 1991లో ఎనిమిది మందిని చంపితే, 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది.

ఇదే చట్టంలో 64ఏ కూడా ఉంది. అలవాటుపడ్డవాడు చిన్న మోతాదుతోనో వాడకం కేసులోనో దొరికి, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో పూర్తి చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు. డబ్బున్నోళ్ళకి దీన్ని లాయరు మొదటి రోజే చెబుతాడు. మనవాళ్ళకి ఎవరూ చెప్పరు. అందుకే బాపట్ల హాస్టళ్ళలో అంటించడానికి ఒక పేజీ తెలుగులో రాస్తున్నాను. లా చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అచ్చుకి పోయేముందు ఒకసారి చూసిపెట్టండి.