బెయిలు వచ్చాక కూడా జైల్లో ఎందుకుండాలి?

గిట్టుబాటు ధర అడిగినా, భూమి ఇచ్చేది లేదన్నా రైతు మీద కేసు పెట్టడం మన రెండు రాష్ట్రాల్లోనూ, ఏ ప్రభుత్వం ఉన్నా, మామూలైపోయింది. 2017లో ఖమ్మం మిర్చి యార్డు గొడవలో అరెస్టయిన పది మంది రైతులను చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో, అధికారుల మీద దాడి చేశారన్న కేసులో అరెస్టయిన రైతులు నెలకు పైగా జైల్లో గడిపారు. రేపు మన మండలంలో జరగదని ఎవరూ చెప్పలేరు.

ధర్నాకు పోయేటప్పుడు జెండాలు, ట్రాక్టర్లు, మైకు, మధ్యాహ్నానికి పులిహోర పొట్లాలు అన్నీ చూసుకుంటాం. అరెస్టులు జరిగితే ఏ వకీలుకు ఫోన్ చేయాలి, జామీను ఎవరు నిలబడతారు అన్నది మాత్రం ముందుగా అనుకోం. ఆ భారం అందరి మీదా ఒకేలా పడదు. ఒకే కేసులో, ఒకే రోజు బెయిలు వచ్చిన ఇద్దరిలో పాసు పుస్తకం ఉన్న రైతు సాయంత్రానికి ఇంటికొస్తాడు. కౌలు రైతు జామీనుదారులు దొరక్క వారం, పది రోజులు లోపలే ఉంటాడు. బయట చేను ఎండిపోతుంటుంది, కౌలు గడువు దగ్గర పడుతుంటుంది. దీన్ని ఆపడం సంఘం చేతుల్లో ఉన్న పనే.

ముందుగా కొన్ని అపోహలు వదిలించుకోవాలి. నాన్ బెయిలబుల్ కేసు అనగానే ఇక బెయిలే రాదని ఇళ్లల్లో ఏడుపులు మొదలవుతాయి. దారి అడ్డగించడం, చట్టవిరుద్ధంగా గుమిగూడడం లాంటివి బెయిలబుల్ నేరాలు. వాటిలో బెయిలు హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. అందుకే మన మీద పెట్టే కేసుల్లో ప్రభుత్వ ఉద్యోగి విధులను బలప్రయోగంతో అడ్డుకున్నారనే సెక్షన్ తరచూ కలుపుతారు. కొత్త న్యాయ సంహితలో అది 132, పాత 353. అది నాన్ బెయిలబుల్. అంటే బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు తేలుస్తుంది, అంతే. దాని శిక్ష రెండేళ్లకు మించదు. ఏడేళ్ల లోపు శిక్షపడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయరాదని, ముందు నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లోనూ ఆ నోటీసు ఉంది. మూడేళ్ల లోపు శిక్షపడే కేసులో అరవై దాటిన వారినీ, అనారోగ్యంతో ఉన్న వారినీ డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. మన సంఘంలో సగం మంది పెద్దవాళ్లే. ఈ మాట అందరికీ తెలియాలి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. విచారణ జరిగేటప్పుడు వకీలును కలిసే హక్కు ఉంది. మేజిస్ట్రేటు ‘కొట్టారా?’ అని అడిగితే భయపడకుండా ఉన్నది చెప్పాలి.

ఇక వకీలు సంగతి. ఊళ్లో భూమి తగాదా చూసే వకీలు మంచివాడే కావచ్చు, క్రిమినల్ కేసుకు మాత్రం ఆ కోర్టులో రోజూ బెయిలు పిటిషన్లు వేసే మనిషి కావాలి. స్టేషన్‌లో ఎవరో చెప్పిన పేరు పట్టుకుని పరుగెత్తవద్దు. ఇలాంటి కేసులు చేసి బయటికొచ్చిన వాళ్లను అడగండి. వకీలును కూడా నాలుగు మాటలు అడగండి: ఈ సెక్షన్లలో బెయిలు పిటిషన్లు వేశారా? బెయిలుకు ఫీజెంత, కేసు నడపడానికి ఎంత? వాయిదాలకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా? ఇచ్చిన డబ్బుకు రసీదు ఇస్తారా? ఇవి అడిగినందుకు కోపగించుకునే వకీలు మనకొద్దు. బెయిలు ఖాయంగా వస్తుందని మాటిచ్చే వకీలు అసలే వద్దు. వకాల్తా మీద సంతకం పెట్టండి, ఖాళీ కాగితాల మీద పెట్టకండి.

డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు కస్టడీలో లేకపోయినా ఇవ్వాలి. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు.

బెయిలు వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు ఇరవై వేలకు బాండు అని కోర్టు రాస్తే, ఆ డబ్బు ఇప్పుడు కట్టాలని చాలామంది అనుకుంటారు. బాండు అంటే మాట ఇవ్వడం. ముద్దాయి వాయిదాలకు రాకపోతే అప్పుడు కడతామని రాసిచ్చే కాగితం. అందుకే జామీనుదారుడికి ఆస్తి ఉందో లేదో కోర్టు చూస్తుంది. ఇంటి పన్ను రసీదు, పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ఇంటి విలువ సర్టిఫికెట్, పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, ఫోటోలు అడుగుతారు. ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. తాను ఇదివరకు ఎంతమందికి జామీను ఉన్నాడో కూడా చెప్పాలి. కాబట్టి ఒక్క పెద్దమనిషి పది మందికి నిలబడతానంటే కుదరదు.

కౌలు రైతు దగ్గర ఈ కాగితాలేవీ ఉండవు. ఆంధ్రలో ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు పంటకు ఆధారం, ఆస్తికి కాదు. ఆ అవసరం చూసి కోర్టు దగ్గర అద్దె జామీనుదారులు తగులుతారు. వాళ్ల జోలికి పోవద్దు. దొంగ కాగితాలు బయటపడితే ఇంకో కేసు నెత్తిన పడుతుంది.

చట్టం పేదవాణ్ని పూర్తిగా వదిలేయలేదు. బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారం లోపల జామీను ఇవ్వలేకపోయిన వాణ్ని పేదవాడిగా భావించి సొంత బాండు మీదే వదలాలి. బాండు మొత్తం అతిగా ఉండకూడదు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు, సోదరుడు వస్తే వేరే జిల్లా వాడని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలిపెట్టమన్నారు. బెయిలు వచ్చి నెల దాటినా జామీను ఇవ్వలేని వారి షరతులు సడలించే విషయం కోర్టులు చూడాలని 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అడగాల్సింది మన వకీలే. ఆయన్ను అడిగించాల్సింది మనం.

మన దగ్గర భూమి ఉన్న రైతులు కొందరు కౌలు రైతుకు జామీను అంటే వెనకాడతారు. వాడు ఊరు విడిచి పోతే నా పొలం జప్తు అవుతుందేమోనన్న భయం. భయం అబద్ధమేమీ కాదు. మనిషి వాయిదాలకు వచ్చినంత కాలం జామీనుదారుడి జేబులోంచి రూపాయి పోదు. మధ్యలో తప్పుకోవాలంటే కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయినా జెండా పట్టుకుని మన ముందు నడిచినవాణ్ని, పాసు పుస్తకం లేదని జైల్లో వదిలేస్తే రేపు మన పిలుపుకు వాడెందుకు వస్తాడు?

అందుకే ప్రతి మండల కమిటీ వచ్చే నెల సమావేశంలో మూడు పనులు చేయాలని నా ప్రతిపాదన. మన కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ఇద్దరు వకీళ్లతో ముందే మాట్లాడి ఫీజు తేల్చుకోవాలి. జామీను నిలబడతామనే పదిహేను, ఇరవై మంది సభ్యుల పేర్లు రాసి, కాగితాల జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టాలి, పన్ను రసీదులు ఏటా మార్చాలి. వాయిదాల పుస్తకం ఒకటి పెట్టి, ముందు రోజు గుర్తుచేసే బాధ్యత ఒకరికి ఇవ్వాలి. నాట్ల వేళ వాయిదా పడితే వకీలు ద్వారా పిటిషన్ వేయించాలి. ఊరికే మానేస్తే వారంటు వస్తుంది, జామీనుదారుడికీ నోటీసు వస్తుంది.

పేర్ల జాబితాలో మొదట సంఘం నాయకుల పేర్లే ఉండాలి. ఆ తర్వాతే మిగతావాళ్లను అడుగుదాం.