ఇంటి కార్ఖానా: చక్రాల పెట్టె కొనేముందు

సుత్తి అటకమీద, పట్టుకారు వంటింట్లో, పానాలు గోనెసంచిలో: మన ఇళ్ళలో పనిముట్ల సంసారం చాలావరకు ఇంతే. అన్నిటినీ ఒకచోట చేర్చే చక్రాల పెట్టె కొనాలన్న కోరిక మంచిదే. అయితే దుకాణంలో అందరమూ సొరుగులు లెక్కబెడతాము. ముందు చూడవలసినవి చక్రాలు.

దుకాణంలో నేల అద్దంలా ఉంటుంది. నాందేడులో మన పాత ఇళ్ళ నేల చాలాచోట్ల షాబాదు బండలది. బండల సందులో చిన్న చక్రం ఇరుక్కుంటుంది. బలవంతంగా లాగితే పెట్టె ఒరుగుతుంది. కనుక చక్రం అడ్డుకొలత 5 అంగుళాలకు తగ్గకుండా చూచుకోండి. రెండు చక్రాలు అన్నివైపులకూ తిరిగేవి, రెండు తిన్నగా పోయేవి అయితే పెట్టె చెప్పినట్లు వింటుంది. తిరిగే రెంటికీ బ్రేకు తప్పనిసరి.

పెట్టె 60 కిలోలు, పనిముట్లు 90 కిలోలు అనుకోండి, మొత్తం 150. చక్రాలు నాలుగు కదా అని నాలుగుతో భాగించరాదు. ఎగుడుదిగుడు నేలమీద ఒక చక్రం గాలిలో ఉండిపోతుంది. మూడుతో భాగించి, ఒక్కొక్క చక్రం కనీసం 50 కిలోలు మోయగలదా అని అడగండి.

రేకు సంగతి: గేజి అంకె తగ్గినకొద్దీ రేకు దళసరి. 20 గేజికంటె 18 గేజి గట్టిది.

బరువైనవి అడుగు సొరుగులలో సర్దండి. నిండు సొరుగులు రెండుమూడు ఒకేసారి లాగితే పెట్టె ముందుకు తూలవచ్చు. పిల్లల కంటికి అవే సొరుగులు మెట్లు! అందుచేత సొరుగులన్నిటికీ కలిపి ఒకే తాళం పడే పెట్టెనే ఎన్నుకోండి. పని కాగానే తాళం వేయండి.

ఇవన్నీ కుదరకపోతే తొందరపడవద్దు. చక్రాలులేని గట్టి పెట్టె గోడవారగా ఉన్నా ఇంటికి నష్టం లేదు.