కళ్ళజోడు సరే, కంటి పరీక్ష మాటేమిటి?

ముప్ఫై మూడేళ్ళు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే మా పాఠశాలలో ఒక విచిత్రమైన దృశ్యం కనబడేది. ఏడాది పొడవునా జ్వరం వచ్చినా బడి మానని ఉపాధ్యాయులు సైతం ఉన్నట్టుండి వరుసగా సెలవుచీటీలు పంపేవారు. కారణమడిగితే ఒకటే జవాబు: "మురిగిపోతాయి మాస్టారూ!" ముప్ఫై ఒకటో తేదీ దాటితే మిగిలిన ఆకస్మిక సెలవులు లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతాయి మరి. ఏటా ఒకే వారంలో వచ్చిపడేది ఆకస్మికమెలా అవుతుందని నేను పరిహాసమాడేవాణ్ణి. అయితే చీటీ పంపినవారిలో నేనూ ఉన్నాను.

ఆ మాటే 2024 డిసెంబరులో న్యూజెర్సీలో, మా అబ్బాయి ఇంట మళ్ళీ వినవలసివచ్చింది. ఈసారి మురిగిపోతున్నవి కంటి బీమా సదుపాయాలు.

అమెరికాలో దేహానికొక బీమా, పంటికొక బీమా, కంటికొక బీమా. నోరూ కళ్ళూ దేహంలోనివి కావని ఏ శాస్త్రం చెప్పిందో నాకు బోధపడలేదు. నెలనెలా జీతంలోంచి కొద్ది డాలర్లు మినహాయించుకొని, బదులుగా సాధారణంగా ఏడాదికొక కంటి పరీక్ష, అద్దాలకూ ఫ్రేముకూ కొంత సొమ్ము ఇవ్వడమే ఈ కంటి బీమా. పెక్కు పథకాలలో ఈ ఏడాది వాడుకోనిది వచ్చే ఏటికి కలవదు. దీనికి తోడు పన్ను పడకుండా వైద్యపు ఖర్చులకు ముందే వేరుచేసి ఉంచుకొనే ఖాతా ఒకటి. దానిదీ అదే ధర్మం, వాడుకో లేదా వదులుకో. 2013లో అక్కడి ప్రభుత్వం ఈ నియమాన్ని కొంత సడలించింది. ఉద్యోగమిచ్చిన సంస్థ ఒప్పుకుంటే 2024లో మిగిలినదానిలో 640 డాలర్ల వరకూ మరుసటి ఏటికి మోసుకుపోవచ్చు. లేదా రెండున్నర నెలల అదనపు గడువు ఇవ్వవచ్చు. రెండూ ఇవ్వకూడదు, ఏదీ ఇవ్వకున్నా అడిగేవారు లేరు.

క్రిస్మస్ మరునాటి రాత్రి మావాడు కంప్యూటరు ముందు కూర్చొని చలువ కళ్ళద్దాలు ఏరుకుంటున్నాడు. "ఉన్న జోళ్ళు చాలవట్రా?" అన్నాను. "మురిగిపోతాయి నాన్నగారూ!" అన్నాడు. కంటి పరీక్ష మాటేమిటని అడిగితే, కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి, దానికి సగంపూట సెలవు దండగ అన్నాడు. చివరిసారి పరీక్ష చేయించుకున్నది 2021లో. అంటే మూడేళ్ళుగా పరీక్షను మురగబెడుతూ ఫ్రేములను మాత్రం శ్రద్ధగా వాడుకుంటున్నాడన్నమాట!

నాకు కోపం వచ్చింది. ఆ కోపానికి నా ఎడమకన్నే కారణం.

పదవీ విరమణకు ముందటి ఏడాది, 2016లో, నాకు నీటికాసులున్నట్టు తెలిసింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళు చత్వారపు అద్దాల కోసం ఊళ్ళోని కళ్ళజోళ్ళ దుకాణానికే వెళ్ళాను. అక్షరాల పలక చదివించారు, అద్దాలు మార్చారు, పంపించారు. కంటిలోపల ఏమున్నదో చూసినవారు లేరు. చూడమని నేనూ అడగలేదు. ఈ వ్యాధి నొప్పి పెట్టదు, ఎర్రబడదు. చాలా మందిలో చూపు పక్కలనుంచి మెల్లగా తరిగిపోతుంది, నడిమి చూపు నిలిచి ఉండటంతో పుస్తకం చదవగలుగుతూనే ఉంటాము. పోయిన చూపు తిరిగిరాదు. చుక్కలమందు ఉన్నదాన్ని కాపాడటానికే. పైగా తల్లిదండ్రులకు ఉంటే బిడ్డలకు వచ్చే ముప్పు హెచ్చు.

చత్వారమన్న పదంలోనే నలభై ఉన్నది, సంస్కృతంలో చత్వారింశత్తు. అమెరికా నేత్రవైద్యుల సంఘం వారు కూడా, ఏ లక్షణమూ లేకున్నా, నలభయ్యో ఏట ఒకసారి సంపూర్ణ నేత్రపరీక్ష చేయించుకొమ్మంటారు. మావాడికి అప్పటికి నలభై మూడు. ఇవన్నీ చెప్పాను. "అలాగే చూద్దాం" అన్నాడు. తరగతిగదిలో ఆ మాట వేలసార్లు విన్నవాణ్ణి, దాని అర్థం నాకు తెలుసు.

నా ఉపన్యాసం చేయలేని పని మరునాడు దుకాణం చేసింది! చీటీ మరీ పాతది, కొత్తది తెమ్మన్నారు. ముప్ఫయ్యో తేదీన ఎలాగో ఒక ఖాళీ దొరికింది. పాపను పెద్దదిచేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుందని కోడలు కారు నడుపుకొని వెళ్ళింది. చూసినవారు కంటినరం మొదట్లో గుంట కొంచెం పెద్దదిగా ఉన్నదన్నారు, నా సంగతి విని దృష్టి పరిధి పరీక్ష, నరపు పొర మందం కొలిచే స్కాను చేయించమన్నారు. అది వ్యాధి అనుమానం గనుక కంటి బీమా కిందికి రాదు, వైద్య బీమా కిందికి పోతుంది! ఆ బీమా చెల్లించడం మొదలయ్యేలోగా మనం చేతినుంచి పెట్టుకోవలసిన మొత్తం ఒకటుంటుంది. వాళ్ళది ఆ ఏటికి పూర్తయింది. జనవరి ఒకటిన ఆ లెక్క మళ్ళీ సున్నా. స్కానుకు ఖాళీ దొరికింది జనవరి రెండో వారంలో. అక్టోబరులో వెళ్ళి ఉంటే తక్కువలో తేలిపోయేది.

గడువు పెట్టడం అన్యాయమా? నెలనెలా సొమ్ము తీసుకొని తిరిగి ఇవ్వకపోవడం నాకు రుచించదు. కొందరు వాడుకోరన్న లెక్కమీదే రుసుము తక్కువగా ఉంటుందని మావాడి వాదన. అదీ నిజమే కావచ్చు. ఆ గడువే లేకుంటే అతడు ఆ చీటీ కోసం కూడా కదిలేవాడు కాడని నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరు. గడువు తరుముతుంటే మనం ముందు చేతికి వచ్చే వస్తువును కొంటాము. ఫ్రేము ఏ నెలలోనైనా సొంత డబ్బుతో కొనుక్కోవచ్చు. 2022లో చేయించుకోని పరీక్షను 2024లో చేయించుకుంటే ఆ రెండేళ్ళ కన్ను దానిలో కనబడదు. కాబట్టి విదేశాలలో ఉన్న మిత్రులకు నా విన్నపం ఒకటే. ముందు పరీక్ష వాడుకోండి, అదీ సంవత్సరం మొదట్లోనే. తల్లిదండ్రులలో ఎవరికైనా నీటికాసులుంటే ఆ మాట వైద్యునికి మీరే చెప్పండి, వారు అడిగేదాకా ఆగకండి. మిగిలితే ఫ్రేములు.

స్కానులో నరం ప్రస్తుతానికి బాగానే ఉన్నదని తేలింది. ఏటేటా చూపించుకొమ్మన్నారు. మావాడు 2025లో మార్చిలోనే వెళ్ళివచ్చి, ఫోనులో ఆ సంగతి నాతో రెండుసార్లు చెప్పాడు. చలువ కళ్ళద్దాలు ఎక్కడ పెట్టాడో మాత్రం కనబడటం లేదట.